ఎయిర్‌బాక్సు తెరిచాక జెట్టు కుదుర్చుకోవడం ఎలా? బెజవాడ ఎండకూ గుంటూరు దుమ్ముకూ తగిన పద్ధతి

ఎయిర్‌బాక్సు (గాలి ఫిల్టర్ ఉండే పెట్టె) మూతకు నాలుగు బెజ్జాలు పొడిచి, సైలెన్సర్ మార్చేసి, కార్బురేటర్ జోలికి మాత్రం పోకుండా తిరిగే బండ్లు బెజవాడలో కొల్లలు. చప్పుడు పెరుగుతుంది కాబట్టి పికప్ కూడా పెరిగిందనిపిస్తుంది. వాటిలో చాలా బండ్లకు ముందున్న లాగుడు కూడా తగ్గి ఉంటుంది, పైగా ఇంజన్ అదనంగా కాగుతుంటుంది. గాలి పెంచినప్పుడు పెట్రోల్ కూడా ఆ లెక్కకు పెరగాలి, అంటే కార్బురేటర్‌లో పెట్రోల్ పోయే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క, జెట్టు, మార్చాలి. ఈ రెండూ కలిపి ఒకే పని. ఒక పూట కూర్చుని సగం చేసి ఆపేయొచ్చనుకుంటే అసలు మొదలుపెట్టకండి.

ఇదంతా కార్బురేటర్ బండ్ల సంగతి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అమల్లోకి వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారిపోయాయి, వాటిలో మార్చడానికి జెట్టే ఉండదు. పాత స్ప్లెండర్, పల్సర్, యూనికార్న్, కార్బురేటర్ బుల్లెట్, ఆర్‌ఎక్స్-100 లాంటివి చేతిలో ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది.

ఏం వస్తుందో ముందే తెలుసుకోండి. వంద సీసీ బండి నూటయాభై సీసీ కాదు. యాక్సిలరేటర్ తిప్పగానే స్పందించడం, పై ఆర్‌పీఎంలో ఊపిరాడనట్టు ఆగిపోకుండా లాగడం, ఈ రెండూ మెరుగవుతాయి. మైలేజీ కొంత పోతుంది. చట్టం మాట కూడా వినాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అందుకే బండితో వచ్చిన మూతను కోయకండి. ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లలో అదే మోడల్ మూత ఇంకొకటి దొరుకుతుంది, కోతలన్నీ దానిమీదే. అసలు మూత, స్నార్కెల్ (బాక్సులోకి గాలి వచ్చే గొట్టం), పాత జెట్లు ఒక కవర్లో వేసి, కవరు మీద బండి నంబరు రాసి దాచండి.

గాలి పెరిగితే పెట్రోల్ ఎందుకు తగ్గుతుంది

కార్బురేటర్ అడుగున ఉండే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోల్ మీద బయటి గాలి ఒత్తిడి ఉంటుంది. కార్బురేటర్ గొంతులో ఒత్తిడి తక్కువ. ఈ తేడాయే పెట్రోల్‌ను జెట్టు గుండా పైకి లాగుతుంది. ఎయిర్‌బాక్సు, ఫిల్టర్, స్నార్కెల్ కలిసి గాలిని కొంచెం బిగబట్టి ఉంచుతాయి కాబట్టి గొంతులో ఒత్తిడి ఇంకొంత పడిపోయి ఉంటుంది. కంపెనీవాళ్లు ఆ బిగింపును కూడా లెక్కలో వేసుకునే జెట్టు నంబరు పెట్టారు. మీరు ఆ బిగింపు తీసేస్తే గాలి ఎక్కువ వెళ్తుంది, లాగుడు తగ్గి పెట్రోల్ ఆ మేరకు రాదు. మిశ్రమం లీన్ అవుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోల్ ఉండదు.

దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఇ-20. ఒక పాలు శుద్ధ పెట్రోల్ పూర్తిగా మండటానికి బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి. ఇ-20కి సుమారు 13.5 పాళ్లే చాలు. అంటే అదే గాలికి ఇ-20 దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ పోయాలి. ఇథనాల్ లేని రోజుల్లో జెట్టు పెట్టిన పాత బండి ఏ మార్పూ చేయకముందే కాస్త లీన్‌లో ఉందన్నమాట. పాత కాగితాల్లో, పాత వీడియోల్లో చెప్పిన జెట్టు నంబర్లు ఇప్పుడు ఒక సైజు తక్కువగా తేలడానికి కారణం ఇదే.

మొదలుపెట్టే ముందు

పాడైన బండికి జెట్టింగ్ చేస్తే జబ్బు ఒకటి, మందు ఒకటి అవుతుంది. ముందు ఇవి చూడండి. వాల్వు క్లియరెన్స్ మాన్యువల్‌లో చెప్పినంత ఉండాలి. ప్లగ్గు కొత్తది, కంపెనీ చెప్పిన హీట్ రేంజిదే వేయాలి. పెట్రోల్ ట్యాపు నుంచి పైపు ఊడదీసి చూస్తే పెట్రోల్ ధారగా రావాలి, చుక్కలుగా కాదు. కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే రబ్బరు మ్యానిఫోల్డ్‌ను వంచి చూడండి. పదేళ్లు దాటిన బండ్లలో దాని మడతల్లో జుట్టంత సన్నని పగుళ్లు ఉంటాయి, అక్కడినుంచి దొంగగాలి లోపలికి పోతుంటుంది. ఇంజన్ స్లోలో, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా, నడుస్తుండగా ఆ చుట్టూ సబ్బునీళ్లు చిలకరించండి. స్లో మారిందంటే లీకు ఉన్నట్టే. మ్యానిఫోల్డ్ మార్చకుండా ముందుకు పోవద్దు.

ఫ్లోట్ లెవెల్ చాలామంది వదిలేస్తారు, అది తప్పితే కింద చెప్పిన పరీక్షలన్నీ అబద్ధం చెబుతాయి. గిన్నె కింద డ్రెయిన్ ముక్కుకు పారదర్శకమైన సన్న గొట్టం తగిలించి, గొట్టాన్ని కార్బురేటర్ పక్కగా నిలువుగా పట్టుకుని డ్రెయిన్ స్క్రూ వదులు చేయండి. గొట్టంలో పెట్రోల్ ఏ ఎత్తున ఆగిందో అదే గిన్నెలోని మట్టం. మాన్యువల్ కొలతకు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటే ఫరవాలేదు. ఎక్కువుంటే బండి అన్ని చోట్లా రిచ్ (పెట్రోల్ ఎక్కువ), తక్కువుంటే అన్ని చోట్లా లీన్ అనిపిస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు మునిగిన బండ్లు సెకండ్ హ్యాండ్‌లో చాలానే చేతులు మారాయి. అలాంటిదేమోనని అనుమానం ఉంటే ఎయిర్‌బాక్సు అడుగున, ఫ్లోట్ గిన్నె మూలల్లో ఎండిన సన్న ఒండ్రు కోసం చూడండి. కనిపిస్తే కార్బురేటర్ మొత్తం విప్పి కడగాల్సిందే.

కావలసినవి: కార్బురేటర్ స్క్రూలకు సరిపోయే జేఐఎస్ స్క్రూడ్రైవర్ (మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ జపాన్ తరహా తలల్లో జారి వాటిని గుండ్రం చేసేస్తుంది), పైలట్ జెట్టు గాడికి ఖాళీ లేకుండా కూర్చునే సన్న ఫ్లాట్ స్క్రూడ్రైవర్, మెయిన్ జెట్లు ఐదారు వరుస సైజుల్లో, పైలట్ జెట్లు రెండు, కొత్త గిన్నె ఓరింగు, మాస్కింగ్ టేపు, పెన్ను, కొత్త ప్లగ్గు ఒకటి, గిన్నెలో పెట్రోల్ పట్టడానికి రేకు డబ్బా. పని గాలి ఆడేచోట చేయండి. దీపం, సిగరెట్టు, వెల్డింగు దగ్గరలో ఉండకూడదు.

ఎయిర్‌బాక్సు: ఎంత తెరవాలి

ముందుగా పాడ్ ఫిల్టర్ మాట. బాక్సు మొత్తం పీకేసి కార్బురేటర్ మూతికి శంఖంలా ఓ ఫిల్టర్ తగిలించడం చూడటానికి బాగుంటుంది. మన దగ్గర మాత్రం వద్దు. గొల్లపూడి దాటి ఇబ్రహీంపట్నం వైపు పోతే నార్ల తాతారావు థర్మల్ కేంద్రం బూడిద లారీలు, కృష్ణ ఒడ్డున ఇసుక లారీలు. ఆ బూడిదలో, ఇసుకలో ఉండే సిలికా సిలిండర్ గోడను అరగదీస్తుంది. సీజన్లో చుట్టుగుంట మిర్చి యార్డు చుట్టుపక్కల తిరిగే బండికి పాడ్ ఫిల్టర్ పెట్టడం, ఆ యార్డులో ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా మూటలు మోయడం లాంటిది. వానలో తడిసి గాలి ఆడక ఉక్కిరిబిక్కిరి కావడం ఇంకో తలనొప్పి. అన్నిటికీ మించి, బాక్సులో నిలిచి ఉండే గాలి వల్లే కింది, మధ్య ఆర్‌పీఎంలో లాగుడు నిలకడగా ఉంటుంది. బాక్సు పోతే ఆ చోట ఒక గుంట పడుతుంది, ఎంత జెట్టు మార్చినా పూడదు.

కాబట్టి బాక్సు ఉండాలి, ఫిల్టర్ ఉండాలి, బాక్సులోకి గాలి వచ్చే ద్వారం మాత్రమే పెద్దది కావాలి.

సీటు, పక్క ప్యానెల్ తీసి బాక్సును చూడండి. ఫిల్టర్‌కు బయటి వైపు మురికి గాలి, ఇంజన్ వైపు శుభ్రమైన గాలి. బెజ్జం ఎప్పుడూ మురికి వైపే. శుభ్రమైన వైపు చిన్న బెజ్జం పడినా వడకట్టని దుమ్ము నేరుగా పిస్టన్ మీదికి పోతుంది, ఆరు నెలల్లో రింగులు అరిగి నీలం పొగ మొదలవుతుంది. ఏ వైపు ఏదో తేల్చుకోలేకపోతే ఫిల్టర్ బయటికి తీసి, కార్బురేటర్ గొట్టం ఎటువైపు గదిలోకి తెరుచుకుందో చూడండి. ఆ గది ముట్టుకోకూడదు.

ఇప్పుడు లెక్క. కార్బురేటర్ గొంతు అడ్డకొలత 26 మిల్లీమీటర్లు అనుకుందాం. 13 ఇంటు 13 ఇంటు 3.14, అంటే వైశాల్యం సుమారు 531 చదరపు మిల్లీమీటర్లు. స్నార్కెల్ లోపలి అడ్డకొలత 20 మిల్లీమీటర్లయితే 314 మాత్రమే. ద్వారం మొత్తం గొంతు వైశాల్యానికి సమానం నుంచి ఒకటింబావు రెట్ల లోపు ఉంటే చాలు, అంతకు మించి తెరిస్తే పెరిగేది చప్పుడే. చాలా బండ్లలో స్నార్కెల్ లాగేస్తే అది దూరిన అసలు రంధ్రం 28 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, దానిదే 615. అంటే గొంతుకు 1.16 రెట్లు. డ్రిల్ ముట్టుకోకుండానే పని అయిపోయింది. స్నార్కెల్ ఊడిరాని రకమైతే 18 మిల్లీమీటర్ల బెజ్జం ఒక్కటి (254) వేయండి, 314తో కలిపి 568 అవుతుంది. నాలుగు బెజ్జాల అవసరం ఎక్కడా కనబడదు.

బెజ్జం వేయాల్సి వస్తే మూతను బండినుంచి విడదీసి, ఇంటి లోపల వేయండి. ముందు 3 మిల్లీమీటర్ల పైలట్ బెజ్జం, తర్వాత స్టెప్ డ్రిల్ లేదా హోల్ సా, నిదానమైన వేగం. వేగం పెంచితే ప్లాస్టిక్ కరిగి అంచు ముద్దవుతుంది. అంచును బ్లేడుతో గీకి, మూతను నీళ్లతో కడిగి, ఆరబెట్టి బిగించండి. బెజ్జం సీటు కిందికి తిరిగి ఉండాలి, వెనక చక్రం చిమ్మే నీళ్ల దారిలో ఉండకూడదు. సన్న స్టీలు జల్లెడ ముక్క అంటిస్తే ఆకులు, ఎలుకల బెడద తప్పుతుంది.

ఫిల్టర్ కాగితానిదైతే కొత్తది వేయండి. నూనె పూసి ఉండే కాగితం ఫిల్టర్లను కంప్రెసర్ గాలితో ఊదకూడదు, పూత పోతుంది. నురగ ఫిల్టర్ అయితే సబ్బునీళ్లలో పిసికి, పూర్తిగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ పట్టించి, చేత్తో గట్టిగా నొక్కి ఎక్కువైనది తీసేయండి. పెట్రోల్‌తో కడిగితే నురగ పొడిపొడిగా రాలుతుంది. ఫిల్టర్ అంచు రబ్బరుకు పలచగా గ్రీజు రాసి కూర్చోబెట్టండి. రెండొందల కిలోమీటర్లు తిరిగాక ఫిల్టర్ తీసి, శుభ్రమైన వైపు గొట్టం లోపల తెల్లగుడ్డ చుట్టిన వేలితో తుడవండి. గుడ్డకు మట్టి గీత అంటితే ఎక్కడో అంచు కూర్చోలేదు, మిగతా పనంతా పక్కన పెట్టి అది సరిచేయండి.

క్రాంక్‌కేసు నుంచి వచ్చే బ్రీదర్ గొట్టాన్ని బాక్సుకే ఉంచండి.

జెట్టు నంబర్ల గందరగోళం

కీహిన్, మికుని రెండూ కార్బురేటర్ కంపెనీలు. కీహిన్ మెయిన్ జెట్టు మీద 105 అని ఉంటే రంధ్రం 1.05 మిల్లీమీటర్లు. మికుని ఆరుపలకల జెట్టు మీద ఉండే నంబరు రంధ్రం కొలత కాదు, అందులోంచి ప్రవహించే పెట్రోల్ లెక్క. రెంటికీ పోలిక లేదు. పక్కింటి బండికి 110 బాగుందని మీదానికీ 110 వేస్తే, ఆ బండిలో ఉన్నది వేరే కార్బురేటర్ అయితే అంతే సంగతులు.

ఒక సైజు మారితే ఎంత మారుతుందో కూడా తెలియాలి. కీహిన్‌లో 100 నుంచి 105కు పోతే అడ్డకొలత ఐదు శాతమే పెరిగినా వైశాల్యం పది శాతం పెరుగుతుంది. ప్రవాహం లెక్కన నంబరు వేసిన మికునిలో అదే 100 నుంచి 105 అంటే ఐదు శాతం. కీహిన్‌లో మధ్యలో 102 దొరుకుతుంది, మికునిలో రెండున్నర చొప్పున మెట్లుంటాయి. పెద్ద అంగలు వేయొద్దు.

కవర్లో కట్టగా అమ్మే చవక జెట్లలో నంబరుకూ రంధ్రానికీ పొంతన ఉండదు. రెండు వరుస సైజులు పక్కపక్కన పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే ఒక్కోసారి చిన్న నంబరుదే పెద్దగా కనిపిస్తుంది. అన్నీ ఒకే కంపెనీవి, కార్బురేటర్ తయారీదారువే కొనండి. రంధ్రాన్ని తీగతో గానీ డ్రిల్‌తో గానీ పెద్దది చేసే పని మాత్రం వద్దు. ఇత్తడి మెత్తన, గీత పడితే ఆ జెట్టు ఇక ఏ నంబరుదీ కాదు.

కార్బురేటర్‌లో ఏ భాగం ఎప్పుడు పనిచేస్తుందో గుర్తుంటే సగం పని అయినట్టే. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పటినుంచి పావు దాకా పైలట్ జెట్టు, మిక్స్‌చర్ స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా సూది (స్లైడు అనే కదిలే భాగంతోపాటు పైకి లేచేకొద్దీ పెట్రోల్ దారి పెంచేది). ముప్పావు నుంచి పూర్తి దాకా మెయిన్ జెట్టు. ఒకదాని పరిధి ఇంకోదాని మీదికి కొంత పాకుతుంది, అందుకే వరుస ముఖ్యం: ముందు మెయిన్, తర్వాత సూది, చివర పైలట్. ఒకసారి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

మెయిన్ జెట్టు

యాక్సిలరేటర్ గ్రిప్పు మీద ఒక టేపు ముక్క, పక్కనే కదలని స్విచ్చుల పెట్టె మీద ఇంకో ముక్క అంటించండి. మూసి ఉన్నప్పుడు రెంటినీ కలుపుతూ ఒక గీత. పూర్తిగా తిప్పి, స్విచ్చుల పెట్టె గీతకు ఎదురుగా గ్రిప్పు మీద ఇంకో గీత. ఆ మధ్య దూరాన్ని నాలుగు భాగాలు చేయండి. ఇది లేకుండా సగం తిప్పానా, పావు తిప్పానా అన్నది చేతికి తెలియదు, అందరూ ఎక్కువే తిప్పామనుకుంటారు.

స్నార్కెల్ మాత్రమే తీసి ఉంటే పాతదానికంటే రెండు సైజులు పెద్ద మెయిన్ జెట్టుతో మొదలుపెట్టండి. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ కూడా ఉంటే మూడు నాలుగు. చివరికి ఉండాల్సిన నంబరు ఇదేనని కాదు, రిచ్ వైపునుంచి కిందికి దిగడానికే ఇది. లీన్ వైపునుంచి పైకి ఎక్కుతూ పరీక్షిస్తే, ముఖ్యంగా ఆర్‌ఎక్స్-100 లాంటి టూ స్ట్రోక్‌లో, సరైన జెట్టు దొరికేలోపే పిస్టన్ పట్టేయొచ్చు.

కార్బురేటర్ మొత్తం దించక్కర్లేదు. రెండు వైపులా క్లాంపులు వదులు చేసి, దాన్ని పక్కకు తిప్పితే చాలా బండ్లలో గిన్నె స్క్రూలు అందుతాయి. ట్యాపు మూసి, డ్రెయిన్ తీసి, గిన్నె విప్పి, జెట్టు మార్చండి. జెట్టు వేలితో పూర్తిగా తిరిగాక స్క్రూడ్రైవర్‌తో చిన్న బిగింపు చాలు.

పరీక్ష ఉదయం ఆరింటిలోపు, ఖాళీగా ఉండే వెడల్పు రోడ్డు మీద, హెల్మెట్‌తో. మన డెల్టాలో రోడ్డంతా బల్లపరుపు, ఇంజన్ మీద బరువు పడదు. అందుకే వెనక ఒకరిని కూర్చోబెట్టుకోండి. ఇంజన్ పదిహేను నిమిషాలు వేడెక్కాక, వేగపరిమితి దాటకుండా సరిపడే గేరులో, రెండో మూడో, మధ్య ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తిప్పండి. కొన్ని బుల్లెట్, పల్సర్ మోడళ్ల లాంటి సీవీ (కాన్‌స్టంట్ వెలాసిటీ) కార్బురేటర్ బండ్లలో ఒక తిరకాసు ఉంది. వాటిలో స్లైడు ఎత్తేది మీ చెయ్యి కాదు, గాలి లాగుడు. తక్కువ ఆర్‌పీఎంలో పూర్తిగా తిప్పినా సూది ఇంకా కిందే ఉంటుంది. వాటిలో మెయిన్ జెట్టు సంగతి పై ఆర్‌పీఎంలోనే తేల్చాలి.

పూర్తిగా తెరిచి లాగుతుండగా కొద్దిగా, ఎనిమిదో వంతు, వెనక్కి తిప్పండి. బండి ఆ క్షణంలో ఇంకాస్త ముందుకు దూకినట్టనిపిస్తే మెయిన్ జెట్టు చిన్నది. తడబడి, మిస్సింగ్ ఇచ్చి నడిస్తే పెద్దది. నెమ్మదిగా, తేటగా వేగం తగ్గితే దగ్గరలో ఉన్నట్టు. బొబ్బొబ్బమంటూ పైకి పోనని మొరాయిస్తే బాగా రిచ్.

దగ్గరికొచ్చాక చెవిని నమ్మొద్దు, గడియారాన్ని నమ్మండి. ఒకే గేరులో గంటకు 40 నుంచి 60 కిలోమీటర్లకు పోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వెనక కూర్చున్న మనిషి ఫోన్లో కొలవాలి. అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు, ఎదురుగాలి లెక్క తప్పకుండా. ఒక్కో జెట్టు తగ్గిస్తూ పోతే ఒకచోట సెకన్లు తగ్గడం ఆగి మళ్లీ పెరుగుతాయి. అన్నిటికంటే తక్కువ సమయం ఇచ్చిన జెట్టు మీది. టూ స్ట్రోక్ అయితే దానికి ఒక సైజు పైది వేసి ఆపండి.

ఇక ప్లగ్గు. కొత్త ప్లగ్గు వేసి, పూర్తి యాక్సిలరేటర్‌లో కొన్ని సెకన్లు లాగి, అదే క్షణంలో క్లచ్ పట్టి, కిల్ స్విచ్ నొక్కి, పక్కకు ఆపి, ప్లగ్గు విప్పండి. స్లోలో నడిచి ఆగిన ప్లగ్గు చూసి మెయిన్ జెట్టు గురించి చెప్పడం కుదరదు. పింగాణీ కొనవైపు కాదు, లోపల అది ఇనుములో కలిసే మొదట్లో చూడాలి. అక్కడ సన్నని గోధుమ ఉంగరం ఉంటే బాగున్నట్టు, మసి ఉంటే రిచ్, సున్నంలా తెల్లగా మెరుస్తూ ఉంటే ప్రమాదం. ఇ-20 మసి తక్కువ వదులుతుంది, రంగు మునుపటికంటే లేతగానే కనిపిస్తుంది. పాత మేస్త్రీలు చెప్పే ఇటుకరాయి రంగు కోసం జెట్టు పెంచుకుంటూ పోతే పెట్రోల్ వృథా.

సూది, పైలట్

ఊళ్లో తిరిగేటప్పుడు, బెంజి సర్కిల్ ట్రాఫిక్కులో గానీ బ్రాడీపేట సందుల్లో గానీ, యాక్సిలరేటర్ సగం దాటదు. అంటే మైలేజీ తేల్చేది మెయిన్ జెట్టు కాదు, సూదీ పైలటూ. ఒకే వేగంలో పావు, సగం మధ్య నిలిపి నడపండి. బండి ఊగిసలాడుతూ, ముందుకూ వెనక్కూ లాగినట్టుంటే లీన్. బరువుగా, మొద్దుగా నడిస్తే రిచ్. సూదికి గాడులుంటే క్లిప్పును ఒక గాడి కిందికి దించండి, సూది పైకి లేచి పెట్రోల్ పెరుగుతుంది. కంపెనీ సూదికి గాడి ఒక్కటే ఉంటే, సూది తల కింద అర మిల్లీమీటరు మందం వాషర్ ఒకటి వేస్తే అదే పని జరుగుతుంది. రెండు వేశాక కూడా లీన్‌గా ఉంటే ఎక్కడో గాలి లీకు వెతకాలి.

సీవీలో మూత తెరిచినప్పుడు డయాఫ్రమ్ అంచు దాని గాడిలో చుట్టూ కూర్చుందో లేదో చూసి బిగించండి. దాని మీద కార్బ్ క్లీనర్ స్ప్రే పడకూడదు, రబ్బరు ఉబ్బి మళ్లీ గాడిలో పట్టదు.

చివరిది మిక్స్‌చర్ స్క్రూ. అది ఇంజన్ వైపు ఉంటే పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే రిచ్. ఎయిర్‌బాక్సు వైపు ఉంటే గాలి స్క్రూ, బయటికి తిప్పితే లీన్. నెమ్మదిగా లోపలికి పూర్తిగా తిప్పి, ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి. గట్టిగా బిగిస్తే మొన విరిగి బాడీలో ఇరుక్కుంటుంది. వేడి ఇంజన్‌తో స్లో కొంచెం పెంచి, స్క్రూను పావు చుట్టు చొప్పున కదుపుతూ ఇంజన్ అన్నిటికంటే వేగంగా, నున్నగా తిరిగే చోటు పట్టండి. తర్వాత స్లో మళ్లీ మాన్యువల్ చెప్పిన చోటికి దించండి. పెట్రోల్ స్క్రూ మూడు చుట్లు దాటి బయటికి వచ్చినా ఇంకా కావాలంటోందంటే పైలట్ జెట్టు ఒక సైజు పెంచాలి. ఒక చుట్టులోపే సరిపోయిందంటే తగ్గించాలి. గాలి స్క్రూకు ఇదంతా తలకిందులు. పైలట్ జెట్టు లోతైన బెజ్జంలో ఉంటుంది, గాడి చిట్లిందంటే లేతు పనివాళ్ల దగ్గరికి పోక తప్పదు. స్క్రూడ్రైవర్ సరిపోకపోతే దాన్ని రాయి మీద రుద్ది సరిపెట్టుకోండి.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపా పేలితే వెంటనే పైలట్ పెంచేయొద్దు. సైలెన్సర్ గ్యాస్కెట్ లీకైనా, పొగ తగ్గించడానికి ఎగ్జాస్టులోకి గాలి వదిలే గొట్టం ఊడినా అదే చప్పుడు వస్తుంది. ముందు అవి చూడండి. అసలు లీన్‌ను పట్టే గుర్తు వేరు: రేజ్ చేసి వదిలితే ఆర్‌పీఎం వెంటనే దిగకుండా పైనే వేలాడి, నిదానంగా దిగుతుంది.

పొల్యూషన్ పరీక్ష స్లోలోనే చేస్తారు కాబట్టి దాన్ని తేల్చేది పైలట్, మిక్స్‌చర్ స్క్రూ. 2000 తర్వాత తయారైన బీఎస్-3 దాకా బండ్లకు కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం దాటకూడదు. బీఎస్-4 బండ్లకు పరిమితి చాలా బిగువు. ఆ కేంద్రానికి పోయి మిషన్ మీద అంకె చూస్తూ స్క్రూ కుదుర్చుకోవడం అన్నిటికంటే నమ్మకమైన దారి.

ఎండ, చలి

45 డిగ్రీల గాలి 20 డిగ్రీల గాలికంటే సుమారు ఎనిమిది శాతం పలచన. కార్బురేటర్ ఆ తేడాను పూర్తిగా గుర్తించదు, నాలుగు శాతం దాకా రిచ్ అవుతుంది. మే నెల మధ్యాహ్నం తేటగా లాగేలా కుదిర్చిన జెట్టు డిసెంబరు తెల్లవారుజామున లీన్‌గా తేలుతుంది. రిచ్ తప్పు ప్లగ్గు మసితో పోతుంది, లీన్ తప్పుకు పిస్టన్ పోతుంది. కాబట్టి ఎండాకాలంలో పని చేస్తే తెల్లవారే చల్లని వేళలోనే పరీక్షించండి, రెండు జెట్ల మధ్య సందేహం వస్తే పెద్దదాన్ని ఎంచుకోండి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు పోయినా కాస్త రిచ్ అవుతుందే తప్ప ప్రమాదం లేదు, దారిలో జెట్టు మార్చే పని పెట్టుకోవద్దు.

బండి రెండు మూడు వారాలు కదలకుండా ఉండబోతుంటే గిన్నె ఖాళీ చేసి ఉంచండి. ఇ-20 తేమను లాక్కుంటుంది, గిన్నె అడుగున తెల్లటి పొడిలా తుప్పు చేరి ముందు మూసుకుపోయేది పైలట్ జెట్టే. పాత ఓరింగులు కూడా అందులో ఉబ్బుతాయి. గిన్నె తెరిచిన ప్రతిసారీ కొత్తది వేయండి. పని ముగిశాక మెయిన్ నంబరు, పైలట్ నంబరు, సూది గాడి, స్క్రూ ఎన్ని చుట్లు, ఏ నెలలో చేశారు అన్నవి సీటు అడుగున ఒక స్టిక్కర్ మీద రాసి అంటించండి. తర్వాత ఆ కార్బురేటర్ విప్పే మెకానిక్కు, మీరైనా సరే, ఇంకొకరైనా సరే, కంపెనీ నంబర్ల జెట్లు తిరిగి బిగించకుండా ఉంటారు.